బీపీ ఉందా? ఇన్సులిన్ సంగతీ చూసుకోండి

ఇన్సులిన్ అనగానే ఎవరికైనా షుగరే గుర్తుకొస్తుంది. కానీ ఇది రక్తనాళాల మీదా పనిచేస్తుంది. కండరాల్లోని సన్నటి నాళాలు విప్పారేలా చేసి, వాటిల్లోకి రక్తం దండిగా పారేలా చూస్తుంది. అధిక రక్తపోటు గలవారిలో చాలామందికి ఈ పనే కుంటుపడుతుంది. బీపీ, షుగర్ ఒకదాని వెంట ఒకటి రావటానికి ఇదీ ఒక ముఖ్య కారణం.

మీ ఇంట్లో బీపీ మాత్ర వేసుకునేవారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. నాన్నో, అమ్మో, మేనమామో.. ఒకవేళ మీరే కావొచ్చు. ఏడాదికోసారి పరగడుపున ల్యాబుకు వెళ్లి రక్తం ఇచ్చి వస్తారు. గ్లూకోజు 98 అని వస్తుంది. 'హమ్మయ్య, షుగర్ లేదు. ఉన్నది బీపీ ఒక్కటే' అనుకొని రిపోర్టును మడిచి బీరువాలో పెట్టేస్తారు. కొన్నేళ్లు గడిచాక అదే పరీక్షలో 140 కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ కంగారు పడిపోతారు. 'స్వీట్లు కూడా పెద్దగా ముట్టరు, ఇంత హఠాత్తుగా ఎలా వచ్చింది?' అని ఆశ్చర్యపోతారు. నిజానికి హఠాత్తుగా వచ్చిందేమీ కాదు. 98 అని వచ్చిన రోజుల్లోనే లోపల కథ మొదలై ఉంటుంది. ఆ అంకెను అక్కడ నిలపటానికి క్లోమం మామూలు కన్నా ఎక్కువ ఇన్సులిన్‌ను తయారుచేస్తూ ఆపసోపాలు పడుతూ ఉండొచ్చు. పరగడుపు పరీక్షలో గ్లూకోజు ఎంతుందో తెలుస్తుంది గానీ దాన్ని నిలపటానికి ఎంత ఇన్సులిన్ ఖర్చయ్యిందో తెలియదు.

ఇది ఏ కొందరి సమస్యో కాదు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా లక్షా 13 వేల మందిని పరిశీలించిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దీని ప్రకారం 20 ఏళ్లు పైబడినవారిలో 35.5% మందికి అధిక రక్తపోటు, 11.4% మందికి మధుమేహం ఉన్నాయి. మరో 15.3% మంది మధుమేహం ముంగిట నిలిచి ఉన్నారు. పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవారైతే 39.5%. ఈ అంకెలను విడివిడిగా చదువుతాం గానీ చాలా ఇళ్లలో ఇవన్నీ ఒకే మనిషిలో కలిసి ఉంటాయి.

కాలువ చివరి మడికి నీరు

మనం అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. వెంటనే క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. అది కణాల తలుపు తడుతుంది, తలుపు తెరచుకొని గ్లూకోజు లోపలికి వెళ్తుంది. స్కూలు పుస్తకాల్లో మనం చదువుకున్నది ఇంతే. ఇది నిజమే, కానీ సగమే. కణం తలుపు తెరచుకుంటే సరిపోదు. ముందు గ్లూకోజు, ఇన్సులిన్ రెండూ ఆ తలుపు దాకా చేరాలి కదా. చేర్చేది రక్తం.

కృష్ణా, గోదావరి ఆయకట్టు రైతులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. పెద్ద కాలువలో నీరు నిండుగా పారుతున్నా చివరి మడి ఎండిపోవచ్చు. తూము ఎత్తితేనే పిల్ల కాలువలోకి, అక్కడి నుంచి బోదెల్లోకి, మడిలోకి నీరు చేరుతుంది. మన కండరాల్లోనూ ఇంతే. గుండె నుంచి బయల్దేరిన రక్తం పెద్ద ధమనుల్లోంచి చిన్న ధమనుల్లోకి, వాటి నుంచి వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికల్లోకి వెళ్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కండరాల్లోని కేశనాళికలన్నింటిలోకీ రక్తం ఒకే తీరుగా పారదు. కొన్నింటిలోకి బాగా పారుతుంది, కొన్ని దాదాపు ఖాళీగా ఉంటాయి. భోజనం చేశాక ఇన్సులిన్ వచ్చి తూములెత్తే లస్కరులా పనిచేస్తుంది. ఖాళీగా ఉన్న నాళాల్లోకీ రక్తాన్ని మళ్లిస్తుంది. దీంతో ఎక్కువ కండర కణాలకు గ్లూకోజు అందుతుంది. ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోంచి బయటకు వెళ్లే గ్లూకోజులో పెద్ద వాటా కండరాలదే కాబట్టి ఈ తూముల పని చిన్నదేమీ కాదు.

మరి ఇన్సులిన్ తూమును ఎలా ఎత్తుతుంది? రక్తనాళాల లోపలి గోడకు పలుచటి పొర ఉంటుంది. దీన్నే ఎండోథీలియం అంటారు. ఇన్సులిన్ ఈ పొరలోని కణాలకు అంటుకోగానే అవి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. అది నాళం గోడలోని కండరాన్ని వదులు చేస్తుంది. నాళం విప్పారుతుంది. వాహనాల పొగలో ఉండే వాయువు మన నాళాల్లోనే తయారై, అవి వదులు కావటానికి సంకేతంగా పనిచేస్తుందంటే మొదట్లో నమ్మటం కష్టమైంది. దీన్ని కనుగొన్నందుకే రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

సన్నగా ఉన్నవారిలోనూ..

బీపీకీ ఇన్సులిన్‌కూ సంబంధం ఉందని గట్టిగా తెలిసింది 1987లో. ఇటలీలోని పీసా నగరానికి చెందిన ఎలియుటేరియో ఫెరానిని బృందం అధిక రక్తపోటు ఉండి, ఇంకా మందులు మొదలుపెట్టని 13 మందిని ఎంచుకుంది. వీరి సగటు వయసు 38 ఏళ్లు. లావుగా ఉన్నవారు కారు. షుగర్ పరీక్షలూ మామూలుగానే ఉన్నాయి. అంటే మన వీధిలో 'బీపీ తప్ప ఏ జబ్బూ లేదు' అని చెప్పుకొనే మనుషులే అన్నమాట. వీరికి ఒక నరంలోంచి ఇన్సులిన్‌ను ఎక్కిస్తూ, రక్తంలో గ్లూకోజు పడిపోకుండా మరోపక్క నుంచి గ్లూకోజునూ ఎక్కించారు. ఎంత ఎక్కువ గ్లూకోజు ఎక్కించాల్సి వస్తే ఇన్సులిన్ అంత బాగా పనిచేస్తున్నట్టు. రక్తపోటు లేనివారిలో శరీరం కిలో బరువుకు నిమిషానికి సుమారు 6.3 మిల్లీగ్రాముల గ్లూకోజును వాడుకుంది. బీపీ ఉన్నవారిలో ఇది 3.8 మాత్రమే! దాదాపు 40% తక్కువ. రక్తపోటు పై సంఖ్య ఎంత ఎక్కువుంటే గ్లూకోజు వాడకం అంత తగ్గినట్టూ కనిపించింది.

ఆ మరుసటి ఏడాదే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ రీవెన్ బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు పెరగటం, మంచి కొలెస్ట్రాల్ తగ్గటం.. ఇవన్నీ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవటం అనే ఒకే వేరు నుంచి మొలిచిన కొమ్మలని వాదించారు. దానికి 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టారు. ఇప్పుడు డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నది దీన్నే.

గ్లూకోజు వాడకం తగ్గటంలో రక్తప్రవాహం పాత్ర ఎంత? ఇండియానా విశ్వవిద్యాలయంలో అలెన్ బారన్ బృందం కాళ్లలోకి పారే రక్తాన్ని కొలిచి చూసింది. ఇన్సులిన్ ఇచ్చినప్పుడు ఆరోగ్యవంతుల్లో కాలి కండరాలకు రక్తప్రవాహం స్పష్టంగా పెరిగింది. ఊబకాయులు, మధుమేహుల్లో అంతగా పెరగలేదు. రక్తపోటు ఎక్కువగా ఉంటున్నకొద్దీ ఈ పెరుగుదల తగ్గుతున్నట్టూ తేలింది. 1994లో ఈ బృందమూ, స్విట్జర్లాండ్‌లోని లొసాన్ పరిశోధకులూ నైట్రిక్ ఆక్సైడ్ తయారీని మందుతో అడ్డుకొని చూశారు. అప్పుడు ఇన్సులిన్ ఇచ్చినా నాళాలు విప్పారలేదు. ఆ తర్వాత వర్జీనియా, టాస్మానియా శాస్త్రవేత్తలు కేశనాళికల స్థాయికి వెళ్లి చూశారు. పెద్ద నాళాల్లో ప్రవాహం పెరగటం కన్నా ముందే, కొద్ది నిమిషాల్లోనే, ఇన్సులిన్ ఈ సన్నటి నాళాల్లోకి రక్తాన్ని మళ్లిస్తోందని గుర్తించారు. అంటే అసలు కీలకం పెద్ద కాలువలో కన్నా చివరి బోదెల్లోనే ఉంది.

ఒక చెయ్యి పడిపోయి, రెండోది పనిచేస్తుంటే..

ఇన్సులిన్ నాళాలను విప్పార్చటమే కాదు, బిగుసుకునేలా చేసే పనీ కొంత చేస్తుంది. ఎండోథీలియం కణాల్లో ఇది రెండు దారుల్లో సంకేతాలు పంపిస్తుంది. ఒక దారిలో నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి నాళాలు వదులవుతాయి. రెండో దారిలో ఎండోథీలిన్ అనే పదార్థం పుట్టి బిగుసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మొదటి దారిదే పైచేయి. శరీరం ఇన్సులిన్‌ను లెక్కచేయని స్థితిలో.. అంటే ఇన్సులిన్ నిరోధకతలో.. మొదటి దారి మూసుకుపోతూ వస్తుంది. చిక్కేమిటంటే రెండోది తెరచుకునే ఉంటుంది. పైగా గ్లూకోజును అదుపు చేయటానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది కదా, ఆ అదనపు ఇన్సులిన్ అంతా ఈ రెండో దారిని ఇంకాస్త రెచ్చగొడుతుంది.

మరో రెండు పనులూ ఉన్నాయి. ఇన్సులిన్ కిడ్నీలకు 'ఉప్పును బయటకు పోనీయకండి' అని చెబుతుంది. గుండెను, నాళాలను ఉత్తేజపరిచే సింపథెటిక్ నాడులనూ తట్టి లేపుతుంది. మరి అలాంటప్పుడు అన్నం తిన్న ప్రతిసారీ అందరికీ బీపీ పెరగాలి కదా? పెరగదు. అమెరికాలోని అయోవా పరిశోధకులు 1991లో ఆరోగ్యవంతులకు ఇన్సులిన్ ఎక్కించి చూశారు. నాడుల ఉత్తేజం పెరిగింది. అదే సమయంలో చేతి నాళాలు విప్పారాయి కూడా. రెండూ సరిపోయి రక్తపోటు పెరగలేదు. విప్పారే గుణం తగ్గినవారిలోనే ఈ త్రాసు ఒకవైపుకు ఒరుగుతుంది.

ఇంతకీ బీపీ ముందా, ఇన్సులిన్ నిరోధకత ముందా? రెండు వైపులా నడుస్తుంది. దీర్ఘకాలం ఒత్తిడికి గురైన నాళాల లోపలి పొర దెబ్బతిని నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, దీంతో కండరాలకు గ్లూకోజు సరిగా అందదు. పొట్టలో కొవ్వు పేరుకొని ఇన్సులిన్ నిరోధకత మొదలైనవారిలో నాళాలు బిగుసుకొని, ఉప్పు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది. బీపీ ఉన్న అందరిలోనూ ఇలాగే ఉంటుందని కాదు. సుమారు సగం మందిలో ఉంటుందని నిపుణుల మాట.

ఇంజెక్షన్ తీసుకుంటే బీపీ పెరుగుతుందా?

ఇక్కడ కాస్త ఆగాలి. ఇదంతా చదివి 'అయితే ఇన్సులిన్ ఇంజెక్షన్‌తో బీపీ పెరుగుతుందన్నమాట' అనుకునే ప్రమాదముంది. ఇప్పటికే చాలా ఇళ్లలో ఇన్సులిన్ అంటే భయం. డాక్టర్ రాసిచ్చినా రేపు మాపు అంటూ నెట్టుకొస్తుంటారు. దానికి ఈ అనుమానం తోడైతే ఇంకేముంది? కాబట్టి సూటిగా చెప్పుకొందాం. సమస్య ఇన్సులిన్‌ది కాదు, దాని మాట వినని నాళాలది.

దీనికి మంచి నిదర్శనం ఇన్సులినోమా. ఇది క్లోమంలో వచ్చే అరుదైన గడ్డ. అదేపనిగా ఇన్సులిన్‌ను వదులుతూ ఉంటుంది. ఒక్క ఇన్సులిన్‌తోనే బీపీ పెరిగేట్టయితే వీరందరికీ పెరగాలి. కానీ ఇతరుల కన్నా వీరిలో బీపీ ఎక్కువగా ఉండటం లేదు. ఇక ఇంజెక్షన్ విషయానికొస్తే, గుండెజబ్బు ముప్పు గల 12,537 మందిపై చేసిన 'ఆరిజిన్' పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. ఆరేళ్లకు పైగా రోజూ గ్లార్జిన్ ఇన్సులిన్ తీసుకున్నా గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. బరువు మాత్రం కొద్దిగా పెరిగింది, గ్లూకోజు పడిపోవటం కాస్త ఎక్కువైంది. బరువు పెరిగితే బీపీ పెరగొచ్చు కాబట్టి ఇన్సులిన్ మొదలుపెట్టాక తిండి, నడక విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అంతేగానీ ఇంజెక్షన్ మానెయ్యటం పరిష్కారం కాదు. అదుపు తప్పిన గ్లూకోజు నాళాల పొరను దెబ్బతీస్తుంది.

ఇంజెక్షన్ తీసుకున్నాక బీపీ తగ్గేవారూ ఉంటారు. చాలా ఏళ్లుగా మధుమేహం ఉండి నాడులు దెబ్బతిన్నవారిలో ఇన్సులిన్ నాళాలను విప్పార్చినప్పుడు దాన్ని సరిచేసే నాడీ వ్యవస్థ వెంటనే స్పందించదు. పెద్దవారు ఇన్సులిన్ వేసుకొని, భోంచేసి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోతుంటే 'షుగర్ డౌనయ్యింది' అని పంచదార నోట్లో పోసేస్తాం. గ్లూకోమీటరుతో చూసి, పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ కొలిస్తే గానీ అసలు కారణం బయటపడదు.

మెడ మీద నలుపు మురికి కాదు

ఇన్సులిన్ నిరోధకత ఉందో లేదో తెలుసుకోవటానికి పీసాలో చేసినట్టు గంటల తరబడి సూదులు పెట్టించుకోనక్కర్లేదు. ఇంట్లో ఉన్న కుట్టు టేపు చాలు. ఊపిరి వదిలాక నడుము చుట్టుకొలత చూసుకోండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. ఇవి మన దక్షిణాసియా వారి కోసం నిర్ణయించిన కొలతలు. ప్యాంటు సైజును నమ్మొద్దు. పొట్ట కిందకు బెల్టు జార్చుకొని 'ఇప్పటికీ 34 సైజే' అని మురిసిపోయేవారు ఎందరో!

బరువు మామూలుగానే ఉందన్న ధీమా కూడా పనికిరాదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటోను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎత్తు, బరువుల నిష్పత్తి (బీఎంఐ) ఇద్దరికీ సరిగ్గా 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1%, యాజ్ఞిక్‌కు 21.2%. మన భారతీయుల ఒంటి తీరు ఇది.

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖ్మల్ గుడ్డలా మారిందేమో చూడండి. పిల్లల్లో ఇది కనిపిస్తే అమ్మలు మురికనుకొని సున్నిపిండి పెట్టి రుద్దుతుంటారు. ఎంత రుద్దినా పోదు. చాలాసార్లు అది లోపల ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చెప్పే కబురు.

బీపీ ఉంటే పరగడుపు పరీక్ష ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించుకోండి. ఇది 5.7 లోపు ఉంటే మామూలే. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ముందస్తు మధుమేహం. 6.5, అంతకు మించితే మధుమేహం. రక్తహీనత ఉన్నవారిలో ఇది తప్పుదోవ పట్టించొచ్చు కాబట్టి అలాంటివారికి 75 గ్రాముల గ్లూకోజు తాగించి 2 గంటల తర్వాత చేసే పరీక్ష మేలు.

నడకకు ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు

ఇందులో మంచి కబురు ఒకటుంది. కండరం పనిచేసినప్పుడు తన తూములను తానే ఎత్తుకుంటుంది. ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు. నడుస్తున్న కాలి కండరంలోకి రక్తం పొంగుకొస్తుంది, గ్లూకోజును లోపలికి తీసుకునే వాహకాలు వేరే దారిలో కణం అంచుకు చేరుకుంటాయి. ఇన్సులిన్ నిరోధకత ఉన్నవారిలోనూ ఈ దారి తెరచుకునే ఉంటుంది. వ్యాయామం ముగిశాక కూడా ఒకట్రెండు రోజుల వరకు కండరం ఇన్సులిన్ మాటను మెరుగ్గా వింటుంది. అందుకే రెండు రోజులకు మించి విరామం ఇవ్వొద్దని అంటారు. ఆదివారం పొద్దున ఒక్కరోజే రెండు గంటలు నడిచి, మిగతా వారమంతా కుర్చీకి అతుక్కుపోవటం కన్నా రోజూ అరగంట నడవటమే మేలు. రాత్రి భోజనం కాగానే టీవీ ముందు వాలిపోకుండా ఓ పది, పదిహేను నిమిషాలు ఇంటి ముందో, మేడ మీదో తిరగండి. సరిగ్గా గ్లూకోజు పెరిగే వేళకు కండరాల తలుపులు తెరచుకుంటాయి.

వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలూ చేయాలి. అయితే బీపీ ఉన్నవారు బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దు. ఒక్కసారిగా బీపీ ఎగబాకుతుంది. బీపీ 180/110 ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, జిమ్‌కు తర్వాత వెళ్లొచ్చు.

ఇలాంటి మార్పులతో నిజంగానే ఫలితం ఉంటుందా? చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మధుమేహం ముంగిట ఉన్న 531 మందిపై అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్నవారిలో మధుమేహం ముప్పు 28.5% తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 26.4% తగ్గింది. అంటే నడక మాత్రకు తీసిపోలేదు.

ఉప్పు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటొద్దు. కానీ మనం కూరలో తగ్గించి ఆవకాయలో, ఊరమిరపకాయల్లో, అప్పడాల్లో, మజ్జిగలో తిరిగి కలిపేసుకుంటాం. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న ఒంట్లో కిడ్నీలు ఆ ఉప్పును గట్టిగా పట్టుకొని కూర్చుంటాయి. పొగ తాగితే నైట్రిక్ ఆక్సైడ్ నేరుగా దెబ్బతింటుంది. ఇక దీని గురించి వేరే మాట అనవసరం.

మాత్రల విషయంలో ఓ మాట

బీపీ మందులన్నీ ఒకేలా పనిచేయవు. టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటివి ఇన్సులిన్ పనికి అడ్డురావు. అటెనొలాల్ వంటి పాత తరం బీటా బ్లాకర్లు, ఎక్కువ మోతాదులో హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు గ్లూకోజును కాస్త పెంచొచ్చు. అయినా గుండెజబ్బు ఉన్నవారికి బీటా బ్లాకరు ప్రాణావసరం కావొచ్చు. ఇది చదివి మీ అంతట మీరే మాత్ర మానెయ్యొద్దు, హఠాత్తుగా ఆపితే గుండెనొప్పి రావొచ్చు. 'నాకు షుగర్ ముప్పు ఉంది, ఈ మాత్రే కొనసాగించాలా?' అని డాక్టర్‌ను అడగండి.

షుగర్, బీపీ రెండూ ఉంటే బీపీని 130/80 లోపు ఉంచుకోవాలని డాక్టర్లు చెబుతారు. షుగర్ మీదే దృష్టంతా పెట్టి బీపీని వదిలేసేవారికి బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం పెద్ద పాఠం. సగటు బీపీ 154/87 ఉన్న మధుమేహులతో పోలిస్తే దాన్ని 144/82కు తగ్గించుకున్నవారిలో పక్షవాతం 44% తక్కువని 1998లో తేలింది.

బీటా బ్లాకర్‌తో పాటు ఇన్సులిన్ కూడా తీసుకునేవారి ఇంట్లో అందరికీ ఒక విషయం తెలిసుండాలి. గ్లూకోజు పడిపోయినప్పుడు సాధారణంగా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. బీటా బ్లాకరు ఈ రెండు గుర్తులనూ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. ఫ్యాన్ కింద కూర్చున్నా నాన్నకు ఉన్నట్టుండి చెమటలు పట్టి, మాట తడబడుతుంటే ఆలస్యం చేయకుండా గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి.